కణంలోని గుమస్తా – డాక్టర్ చార్లెస్ హగ్గిన్స్

మన వయసు వారికి ఎంతో మేలు చేసిన ఒక వైద్యుని ఈ ప్రత్యేక సంచికలో స్మరించుకోవడం సముచితమని తలచాను.

డాక్టర్ చార్లెస్ హగ్గిన్స్ 1901 సెప్టెంబరు 22న కెనడాలోని హాలిఫాక్స్‌లో జన్మించారు. 1924లో హార్వర్డ్‌లో వైద్యపట్టా పొంది, 1927లో షికాగో విశ్వవిద్యాలయంలో చేరారు. మూత్రావయవాల వైద్యం అక్కడ చేరిన తరువాతే నేర్చుకున్నారు.

వయసు మళ్ళిన మగవారిని బాధించే ప్రోస్టేట్ గ్రంథి వ్యాధి ముసలి కుక్కలకూ వస్తుంది. వాటిపై ఆయన పరిశోధనలు సాగించారు. క్యాన్సర్ కణం ఎవరి మాటా వినదని వైద్యులు నమ్మే రోజులవి. పురుష హార్మోను అందకపోతే ప్రోస్టేట్ క్యాన్సర్ తగ్గుముఖం పడుతుందని 1941లో ఆయన, సహచరుడు క్లారెన్స్ హాడ్జెస్ నిరూపించారు. వృషణాలు తీసివేయడమో, స్త్రీ హార్మోను ఇవ్వడమో ఆనాటి చికిత్స. వ్యాధి ఎముకలకు పాకి మంచం పట్టిన ఎందరికో నొప్పి తగ్గింది. ఇందుకు 1966లో, 65వ ఏట, నోబెల్ బహుమతి లభించింది. దానిని పంచుకున్న పేటన్ రౌస్ వయసు 87!

అయితే కొంతకాలానికి వ్యాధి తిరగబెట్టేది. కారణం తెలియడానికి దారి హగ్గిన్స్ నడిపిన బెన్ మే ప్రయోగశాలలోనే పడింది. స్త్రీ హార్మోనును పట్టుకునే గ్రాహకం కణంలో ఉందని 1950ల చివర అక్కడి ఎల్‌వుడ్ జెన్సెన్ కనుగొన్నారు. పురుష హార్మోనుకూ అటువంటిదే ఉందని తరువాత తేలింది.

మన ఆఫీసు భాషలో చెప్పాలంటే హార్మోను టపా, గ్రాహకం ఇన్‌వార్డు గుమస్తా, కణంలోని కేంద్రకం ఆఫీసరుగారి గది. టపా అందితే గుమస్తా లోపలికి వెళ్ళి, కణం పెరగడానికి ఆర్డరు వేయిస్తాడు. హగ్గిన్స్ టపా ఆపారు. కానీ వ్యాధి ముదిరే కొద్దీ ఈ గుమస్తా మారిపోతాడు. ఒకడు పదిమంది అవుతాడు. కొన్నిసార్లు ఆపడానికి ఇచ్చిన మందునే ఆజ్ఞగా తీసుకుంటాడు. మరికొన్నిసార్లు టపా లేకుండానే ఫైలు కదుపుతాడు.

అందుకే తరువాతివారు గుమస్తా మీదే దృష్టి పెట్టారు. అమెరికాలో 2011లో అనుమతి పొందిన ఎబిరటెరోన్, శరీరంలో మిగిలిన చోట్ల తయారయ్యే టపాను కూడా ఆపుతుంది. 2012లో వచ్చిన ఎంజాలుటమైడ్ గుమస్తాను పట్టుకుని గదిలోకి వెళ్ళకుండా అడ్డుపడుతుంది. టపాతో పనే లేని గుమస్తా వీటికీ లొంగడు. అతనికి మందు వెతకడం ఇంకా సాగుతూనే ఉంది.

హగ్గిన్స్ 1969లో డైరెక్టరు పదవి వదిలినా ప్రయోగశాల వదలలేదు. 1997 జనవరి 12న, 95 ఏళ్ళ వయసులో షికాగోలో కాలధర్మం చెందారు.

నా సెక్షన్ మిత్రుడొకరు రాత్రుళ్ళు అయిదారుసార్లు లేస్తూ కూడా సిగ్గుపడి రెండేళ్ళు ఇంట్లో చెప్పలేదు. చూపించుకునేసరికి వ్యాధి ఎముకలకు చేరింది. అటువంటి ఇబ్బంది ప్రతిసారీ క్యాన్సర్ కానక్కరలేదు. కానీ తేల్చవలసింది డాక్టరుగారు, మనం కాదు. దయచేసి దాచుకోవద్దు.