జాక్ మోనో

జాక్ లూసియన్ మోనో (1910 ఫిబ్రవరి 9 - 1976 మే 31) ఫ్రాన్సు దేశానికి చెందిన సుప్రసిద్ధ జీవరసాయన శాస్త్రవేత్త. జీవకణము ఏ ఎంజైమును ఎప్పుడు తయారు చేయాలో, ఎప్పుడు ఆపివేయాలో జన్యువుల ద్వారా ఎలా నిర్ణయమవుతుందో ఈయన తన సహచరుడు ఫ్రాన్స్వా జాకబ్‌తో కలిసి కనుగొన్నాడు. ఈ కృషికి గాను 1965లో జాకబ్, ఆంద్రే ల్వోఫ్‌లతో పాటు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో నాజీల ఆక్రమణను ఎదిరించిన రహస్యోద్యమంలో ఈయన ముఖ్య నాయకుడు. ఈయన పేరును మోనాడ్ అని కూడా వ్రాస్తుంటారు.

బాల్యము, విద్యాభ్యాసము

మోనో పారిస్ నగరంలో జన్మించాడు. తండ్రి లూసియన్ మోనో చిత్రకారుడు. తల్లి అమెరికా దేశస్థురాలు. 1917లో వీరి కుటుంబం దక్షిణ ఫ్రాన్సులోని కాన్ పట్టణానికి తరలి వెళ్ళింది. తండ్రికి డార్విన్ రచనల పట్ల ఉన్న ఆసక్తి కుమారునికి కూడా సంక్రమించింది. చిన్నతనంలో వచ్చిన పోలియో వలన ఈయన ఒక కాలు బలహీనపడింది. అయినప్పటికీ పర్వతారోహణలోను, నౌకాయానంలోను మక్కువ చూపాడు.

1928లో ఉన్నత విద్యకై పారిస్ చేరి, 1931లో విజ్ఞానశాస్త్ర పట్టా పొందాడు. బ్రిటనీ తీరంలోని రోస్కాఫ్ జీవశాస్త్ర కేంద్రంలో పరిచయమైన జార్జ్ టెస్సియే, ఆంద్రే ల్వోఫ్, బోరిస్ ఎఫ్రుస్సీ వంటి శాస్త్రవేత్తల వద్ద నేర్చుకున్నది తరగతి గదుల కంటే ఎక్కువని ఈయన భావించేవాడు. 1934లో పూర్క్వా పా అనే నౌకలో గ్రీన్లాండు యాత్రకు వెళ్ళాడు. 1936లో అదే నౌకలో మరల వెళ్ళవలసి ఉండగా, ఎఫ్రుస్సీ ప్రోద్బలంతో అమెరికాలోని కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థకు, టి.హెచ్. మోర్గాన్ జన్యుశాస్త్ర ప్రయోగశాలకు వెళ్ళాడు. ఆ సంవత్సరమే ఆ నౌక ఐస్‌లాండు తీరంలో మునిగిపోయి, ఒక్కరు తప్ప అందరూ మరణించారు.

సంగీతంలో కూడా ఈయన నిష్ణాతుడు. చెల్లో వాయించేవాడు, బాక్ కృతులను ఆలపించే బృందానికి నాయకత్వం వహించేవాడు. 1938లో పురావస్తు పరిశోధకురాలు ఓడెట్ బ్రూల్‌ను వివాహమాడాడు. ఆమె తరువాతి కాలంలో ఆసియా కళలకు ప్రసిద్ధి చెందిన గిమే సంగ్రహాలయంలో అధికారిణిగా పనిచేసింది. వీరికి ఇద్దరు కవల కుమారులు.

రెండు చక్కెరల ప్రయోగము

సోర్బాన్ విశ్వవిద్యాలయంలో మోనో బాక్టీరియాల పెరుగుదలను కొలిచే పని చేపట్టాడు. ఒకే ద్రావణంలో రెండు రకాల చక్కెరలు కలిపి ఇచ్చినప్పుడు కొన్ని జతల విషయంలో బాక్టీరియా వింతగా ప్రవర్తించింది. ఉదాహరణకు గ్లూకోజు, లాక్టోజు కలిపి ఇస్తే ముందుగా గ్లూకోజునే వాడుకుంటుంది. అది అయిపోగానే పెరుగుదల కొంతసేపు నిలిచిపోతుంది. ఆ తరువాత లాక్టోజును వాడుకుంటూ మరల పెరగడం మొదలవుతుంది. ఈ రెండంచెల పెరుగుదలకు మోనో డయాక్సీ అని పేరు పెట్టాడు.

1940 డిసెంబరులో ఈ ఫలితాన్ని ల్వోఫ్‌కు చూపగా, ఇది ఎంజైముల అనుకూలనానికి సంబంధించినది కావచ్చునని ఆయన సూచించాడు. పెరుగుదల ఆగిన ఆ కొద్ది వ్యవధిలో కణము క్రొత్త చక్కెరను విడగొట్టే ఎంజైమును తయారు చేసుకుంటున్నదన్న మాట. 1941లో ఈ పరిశోధనకు మోనో డాక్టరేటు పొందాడు. బాక్టీరియా పెరుగుదల వేగానికి, ఆహార పరిమాణానికి గల సంబంధాన్ని తెలిపే మోనో సమీకరణాన్ని మురుగునీటి శుద్ధిలో నేటికీ వాడుతున్నారు.

రహస్యోద్యమము

1940లో జర్మనీ ఫ్రాన్సును ఆక్రమించింది. ఓడెట్ యూదు కుటుంబానికి చెందినది కావటం వలన ఆమెకు ప్రాణాపాయం పొంచి ఉండేది. మోనో ప్రతిఘటనోద్యమంలో చేరాడు. రహస్య పత్రాలను సోర్బాన్ ప్రయోగశాల వద్ద ఉన్న జిరాఫీ కాలి ఎముకల బోలులో దాచేవాడు. పోలీసుల కన్ను పడిన తరువాత సోర్బాన్‌ను విడిచి, పాశ్చర్ సంస్థలో ల్వోఫ్ ప్రయోగశాలలో తలదాచుకుంటూ పరిశోధన కొనసాగించాడు. 1944లో ప్రతిఘటన దళాల జాతీయ కార్యాలయంలో కార్యకలాపాల విభాగానికి అధిపతి అయ్యాడు. ఆ సంవత్సరం ఆగస్టులో జరిగిన పారిస్ విమోచన పోరాటంలో పాల్గొన్నాడు. యుద్ధానంతరం 1945లో పాశ్చర్ సంస్థలో స్థిరపడ్డాడు.

లైసెంకో వివాదము

యుద్ధకాలంలో కమ్యూనిస్టు పార్టీలో చేరిన మోనో త్వరలోనే దానికి దూరమయ్యాడు. సోవియట్ యూనియన్‌లో లైసెంకో అనే వ్యవసాయ శాస్త్రజ్ఞుడు జన్యువుల సిద్ధాంతాన్ని తిరస్కరించి, పరిసరాల వలన కలిగిన మార్పులే సంతానానికి సంక్రమిస్తాయని వాదించాడు. 1948 ఆగస్టులో అక్కడి ప్రభుత్వం ఆ వాదాన్నే అధికారిక సిద్ధాంతంగా స్వీకరించింది. ఎందరో జన్యుశాస్త్రజ్ఞులు ఉద్యోగాలు కోల్పోయారు. వారిలో అగ్రగణ్యుడైన వావిలోవ్ అంతకు ముందే, 1943లో, చెరసాలలో మరణించాడు. 1948 సెప్టెంబరులో కోంబా పత్రికలో మోనో ఈ వాదాన్ని తీవ్రంగా ఖండిస్తూ వ్యాసం వ్రాశాడు. దీనితో పాత సహచరులు అనేకులు ఆయనకు విరోధులైనారు. రచయిత ఆల్బర్ట్ కామూతో మాత్రం గాఢమైన స్నేహం ఏర్పడింది.

ఈ వివాదానికి, ఆయన పరిశోధనకు దగ్గర సంబంధం ఉన్నది. లాక్టోజు ఉన్నప్పుడే దానికి తగిన ఎంజైము పుడుతుందంటే, పైకి చూడటానికి పరిసరాలే కణానికి క్రొత్త గుణాన్ని నేర్పుతున్నట్లు కనిపిస్తుంది. అది నిజమా, లేక ఆ శక్తి ముందే జన్యువులో ఉండి సమయానికి బయటపడుతున్నదా అనేది తేల్చవలసిన ప్రశ్న.

ఎంజైము తయారీ - శక్తి వ్యయము

ఈ ప్రశ్న ప్రాముఖ్యం తెలియాలంటే ఎంజైము తయారీకి అయ్యే ఖర్చు గమనించాలి. ఎంజైములు ప్రోటీన్లు. అమైనో ఆమ్లాలను ఒకదాని తరువాత ఒకటి గొలుసుగా కూర్చి కణము వీటిని తయారు చేస్తుంది. ఒక్కొక్క అమైనో ఆమ్లాన్ని చేర్చడానికి అధికశక్తి గల ఫాస్ఫేటు బంధాలు కనీసం నాలుగు ఖర్చవుతాయి. వీటిలో రెండు ఏటీపీ నుండి, రెండు జీటీపీ నుండి వస్తాయి. కణానికి శక్తి నాణెం వంటి ఈ ఏటీపీని 1929లో జర్మనీలో లోమాన్, అమెరికాలో ఫిస్కేతో కలిసి తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు కనుగొన్నారు.

లాక్టోజును విడగొట్టే బీటా గాలక్టోసిడేజు ఎంజైములో ఒక్కొక్క గొలుసుకు వేయికి పైగా అమైనో ఆమ్లాలు ఉంటాయి. అటువంటి నాలుగు గొలుసులు కలిస్తే ఒక ఎంజైము అణువు. అనగా గొలుసుకు సుమారు 4,000, అణువుకు సుమారు 16,000 బంధాల శక్తి కావాలి. లాక్టోజు లేనప్పుడు వేలాది అణువులను తయారు చేస్తే ఆ శక్తి అంతా వ్యర్థమే. అందుచేత అవసరం లేనప్పుడు కణములో ఈ ఎంజైము అతి స్వల్పంగా ఉంటుంది. లాక్టోజు లభించినప్పుడు సుమారు వేయి రెట్లు పెరుగుతుంది.

ఓపెరాన్ సిద్ధాంతము

కణములో ముందే ఉన్న ఏదో ప్రోటీను రూపం మార్చుకొని ఎంజైముగా మారుతుందని కొందరు భావించేవారు. 1955లో మోనో, హాగ్నెస్, కోన్ రేడియోధార్మిక గంధకంతో ప్రయోగం చేశారు. ముందుగా బాక్టీరియాను ఆ గంధకంతో పెంచి, తరువాత మామూలు గంధకం గల ద్రావణంలోకి మార్చి ఎంజైమును పుట్టించారు. క్రొత్త ఎంజైములో రేడియోధార్మికత దాదాపు లేదు. కనుక అది పాత ప్రోటీనుల నుండి కాక, క్రొత్తగా అమైనో ఆమ్లాల నుండి తయారైనదని రుజువైంది.

లాక్టోజును పోలిన కొన్ని కృత్రిమ పదార్థాలను బాక్టీరియా జీర్ణించుకోలేకపోయినా, వాటి సమక్షంలో ఎంజైమును తయారు చేస్తుందని కూడా మోనో బృందం చూపింది. దీనిని బట్టి ఆ పదార్థము సంకేతం మాత్రమేనని, ఎంజైమును ఎలా నిర్మించాలో అది నేర్పదని తేలింది.

1957లో ఆర్థర్ పార్డీ, జాకబ్, మోనో కీలకమైన ప్రయోగం ప్రారంభించారు. ఎంజైమును తయారు చేసే జన్యువు, దానిని అదుపు చేసే జన్యువు రెండూ చెడిపోయిన బాక్టీరియాలోకి, మంచి జన్యువులను మరొక బాక్టీరియా నుండి ప్రవేశపెట్టారు. లాక్టోజు వంటి పదార్థం ఏదీ లేకున్నా కొద్ది నిమిషాలలోనే ఎంజైము తయారు కావటం మొదలైంది. కానీ సుమారు గంట తరువాత నిలిచిపోయింది. అదుపు చేసే జన్యువు ఒక నిరోధక పదార్థాన్ని తయారు చేస్తుందని, అది తగినంత పోగుపడగానే ఎంజైము తయారీ ఆగిపోతుందని దీని అర్థం. కణము సహజస్థితిలో ఈ జన్యువులకు తాళం వేసే ఉంచుతుంది. లాక్టోజు నుండి పుట్టిన సంకేత పదార్థం నిరోధకానికి అంటుకొని దానిని తొలగిస్తుంది.

1961లో జాకబ్, మోనో ప్రకటించిన వ్యాసంలో ఈ సిద్ధాంతం పూర్ణరూపం దాల్చింది. ఒకే అదుపు స్థానం క్రింద పనిచేసే జన్యువుల వరుసకు ఓపెరాన్ అని పేరు పెట్టారు. జన్యువులోని సమాచారాన్ని రైబోజోములకు చేరవేసే అల్పాయువు గల మెసెంజర్ ఆర్ఎన్ఏ ఉండాలని కూడా ప్రతిపాదించారు. అదే సంవత్సరం దాని ఉనికి ప్రయోగాలలో రుజువైంది.

ఈ సిద్ధాంతంలో తరువాత సవరణలు జరిగాయి. నిరోధకము ఆర్ఎన్ఏ కావచ్చునని వారు మొదట ఊహించారు. 1966లో వాల్టర్ గిల్బర్ట్, బెన్నో ముల్లర్ హిల్ దానిని వేరుపరచి ప్రోటీను అని తేల్చారు. జన్యువులను నిరోధించడమే కాక ప్రోత్సహించే ప్రోటీనులు కూడా ఉన్నాయని ఇతరులు కనుగొన్నారు. గ్లూకోజు ఉన్నంతసేపు లాక్టోజు జన్యువులు ఎందుకు మందగిస్తాయో దీనితో చాలావరకు తెలిసింది. గ్లూకోజు తగ్గినప్పుడు ఏటీపీ నుండి తయారయ్యే సైక్లిక్ ఏఎంపీ పెరిగి, ఒక ప్రోత్సాహక ప్రోటీనును పనిచేయిస్తుంది. గ్లూకోజు ఉన్నప్పుడు లాక్టోజు కణములోకి రావటం కూడా అడ్డగింపబడుతుంది.

ఎంజైము ఒక స్థానంలో సంకేతాన్ని అందుకొని మరొక స్థానంలో తన పనిని మార్చుకునే అలోస్టెరీ అనే ధర్మాన్ని కూడా మోనో విశదీకరించాడు. 1965లో వైమన్, షాన్జ్యూలతో కలిసి ప్రకటించిన నమూనా నేటికీ పాఠ్యాంశమే.

చివరి సంవత్సరాలు

1967లో మోనో కాలేజ్ ద ఫ్రాన్స్‌లో ఆచార్యుడైనాడు. 1968 మే నెలలో పారిస్‌లో విద్యార్థులపై పోలీసులు దాడి చేసినప్పుడు గాయపడినవారికి అండగా నిలిచాడు. అంతకు ముందు 1960లో, హంగరీ నుండి జీవరసాయన శాస్త్రవేత్త ఆగ్నెస్ ఉల్మన్ తప్పించుకొని రావటానికి సహాయపడ్డాడు. 1970లో వెలువడిన యాదృచ్ఛికత, అనివార్యత అనే అర్థం గల శీర్షికతో ఈయన వ్రాసిన తాత్విక గ్రంథం విస్తృతమైన చర్చకు దారితీసింది. 1971లో పాశ్చర్ సంస్థ సంచాలకుడై, ఆర్థిక ఇబ్బందులలో ఉన్న ఆ సంస్థను సంస్కరించటానికి పూనుకున్నాడు. రక్త క్యాన్సరు వ్యాధితో 1976 మే 31న కాన్ పట్టణంలో మరణించాడు.

ప్రభావము

పారిస్‌లోని జాక్ మోనో పరిశోధనా సంస్థకు ఈయన పేరే పెట్టారు. 1978లో బాక్టీరియా ద్వారా మానవ ఇన్సులిన్ తయారు చేసినప్పుడు, శాస్త్రవేత్తలు ఆ జన్యువులను బీటా గాలక్టోసిడేజు జన్యువుకు జోడించి లాక్టోజు ఓపెరాన్ అదుపులోనే ఉంచారు. నేటి ప్రయోగశాలలలో కోరిన ప్రోటీనును కోరిన సమయంలో బాక్టీరియా చేత తయారు చేయించటానికి వాడే ఐపీటీజీ కూడా మోనో బృందం ఉపయోగించిన జీర్ణం కాని సంకేత పదార్థాల కోవకు చెందినదే. పరిసరాలు జన్యువును పలికించగలవే గాని, జన్యువులో లేని దానిని వ్రాయలేవని ఆయన ప్రయోగాలు ఈ ఎంజైము విషయంలో నిస్సందేహంగా నిరూపించాయి.