కావలూరు కొండపై వైను బప్పు

ప్రత్యేక సంచికలో ఒక మహనీయుని జీవితం గురించి నాలుగు మాటలు రాయమని కార్యదర్శిగారు కోరారు. రాజకీయ నాయకుల గురించి, కవుల గురించి రాసేవారు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను ఒక ఖగోళ శాస్త్రవేత్తను ఎంచుకున్నాను. ఆయన పేరు మనాలి కల్లాట్ వైను బప్పు.

బప్పుగారు 1927 ఆగస్టు 10న మద్రాసులో మలయాళీ కుటుంబంలో జన్మించారు. పెరిగింది, చదివింది మాత్రం మన హైదరాబాదులోనే. తండ్రిగారు నిజామియా వేధశాలలో ఉద్యోగి. నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్థాపించిన ఆ వేధశాల తర్వాత నిజాం ప్రభుత్వానికి, అటుపై ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందింది. అక్కడి సిబ్బంది దశాబ్దాల తరబడి ఫోటో పలకలు కొలిచి, సుమారు 7 లక్షల 60 వేల నక్షత్రాల స్థానాలను పట్టికలకు ఎక్కించారు. పహాణీలో సర్వే నంబర్లు రాసి చేయి అరిగిన నావంటి గుమాస్తాకు ఆ పని విలువ చెప్పనక్కరలేదు. అటువంటి ఆవరణలో తిరిగిన పిల్లవానికి ఆకాశం మీద మనసు పోవడంలో వింత లేదు.

నిజాం కాలేజీ చదువు ముగిశాక, హైదరాబాదు ప్రభుత్వం ఇచ్చిన ఉపకార వేతనంపై ఆయన 1949లో అమెరికాలోని హార్వర్డు చేరారు. అదే సంవత్సరం జూలైలో ఒక ఫోటో పలకపై కొత్త తోకచుక్కను కనిపెట్టారు. బార్ట్ బాక్, గోర్డన్ న్యూకిర్క్ అనే ఇద్దరి పేర్లతోపాటు ఆయన పేరు కూడా ఆ తోకచుక్కకు పెట్టారు. 1952లో డాక్టరేటు పుచ్చుకుని, అప్పట్లో ప్రపంచంలోకెల్లా పెద్దదైన 200 అంగుళాల టెలిస్కోపు ఉన్న పలోమార్ వేధశాలలో పరిశోధనకు అవకాశం సంపాదించారు.

ఆ రోజుల్లో శాస్త్రజ్ఞులకు ఒక చిక్కు ప్రశ్న ఉండేది. హంస నక్షత్ర మండలం వైపు నుంచి బలమైన రేడియో తరంగాలు వస్తున్నాయి. అవి ఎక్కడివి? వాల్టర్ బాడే, రుడాల్ఫ్ మింకోవ్‌స్కీ అదే పలోమార్ టెలిస్కోపుతో వెతికి, ఆ చోట ఒక మసక గెలాక్సీ ఉన్నదని 1954లో ప్రకటించారు. అది 75 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉందని ఇప్పటి లెక్క. ఇటువంటివాటిని రేడియో గెలాక్సీలంటారు. నడిమధ్య ఉన్న బ్రహ్మాండమైన కృష్ణబిలం దగ్గర నుంచి రెండు పక్కలకూ ధారలు చిమ్ముతాయని రేడియో చిత్రాలు చూపాయి. 1999లో ఆకాశానికి వెళ్లిన చంద్ర ఎక్స్‌రే టెలిస్కోపు ఆ గెలాక్సీ చుట్టూ కోట్ల డిగ్రీల వేడి వాయువు ఉందనీ, ధారలు దానిని తోసి ఖాళీలు చేస్తున్నాయనీ చూపింది.

అయితే రేడియో, ఎక్స్‌రే ఎంత చూపినా, ముందు దూరం తెలియాలి. చీకట్లో పొలాల అవతల దీపం కనిపిస్తే, అది దగ్గరలోని బుడ్డిదీపమా, దూరాన ఉన్న పెట్రోమాక్స్ లైటా అని తేల్చడం కష్టం. గెలాక్సీ దూరాన్ని సాధారణంగా దాని కాంతిని విడదీసి, ఆ గీతలు ఎరుపు వైపు ఎంత జరిగాయో చూసి తెలుసుకుంటారు. నక్షత్రాల విషయంలో ఇటువంటి చిక్కునే విప్పడానికి ఓలిన్ విల్సన్‌తో కలిసి బప్పుగారు ఒక మార్గం కనిపెట్టారు. కాల్షియం గీత మధ్యలో కనిపించే వెలుగు ఎంత వెడల్పుగా ఉంటే నక్షత్రం అంత ప్రకాశవంతమైనదన్నమాట. అసలు ప్రకాశం తెలిస్తే దూరం తెలుస్తుంది. 1957లో ప్రచురితమైన ఈ సూత్రం విల్సన్-బప్పు ప్రభావమనే పేరుతో పాఠ్యగ్రంథాలకెక్కింది.

ఇంత పేరు వచ్చే పని చేతిలో ఉండగా ఆయన స్వదేశానికి తిరిగివచ్చారు. ఇక్కడ పెద్ద టెలిస్కోపు లేదు. 1954లో ఉత్తరప్రదేశ్ వేధశాల బాధ్యత తీసుకుని, దానిని వారణాసి నుంచి నైనితాల్ కొండలకు తరలించారు. 1960లో కొడైకెనాల్ వేధశాల డైరెక్టరయ్యారు. మబ్బులు తక్కువగా, చీకటి ఎక్కువగా ఉండే చోటు కోసం వెతికి, తమిళనాడులోని జవ్వాది కొండలలో కావలూరును ఎంపిక చేశారు. 1968లో 38 సెంటీమీటర్ల చిన్న టెలిస్కోపుతో అక్కడ పని మొదలైంది. 1972లో 102 సెంటీమీటర్లది వచ్చింది. యురేనస్ గ్రహానికి వలయాలున్నాయని 1977లో తేల్చిన పరిశీలనలలో దానికీ భాగముంది. 1971లో భారత ఖగోళ భౌతిక సంస్థ స్వతంత్ర సంస్థగా ఏర్పడడం ఆయన కృషి ఫలితమే.

కాని ఆయన కోరిక అంతకన్నా పెద్దది. 2.34 మీటర్ల టెలిస్కోపును మన దేశంలోనే తయారు చేయాలని పూనుకున్నారు. అద్దాన్ని అరగదీయడం ఏళ్ల తరబడి సాగింది. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షులయ్యారు. ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. గుండె శస్త్రచికిత్స అనంతరం 1982 ఆగస్టు 19న జర్మనీలోని మ్యూనిక్‌లో కన్నుమూశారు. అప్పటికి 55 ఏళ్లు. మనం పింఛను పుచ్చుకుంటూ గడిపే వయసు ఆయనకు దక్కలేదు. టెలిస్కోపు ఇంకా పూర్తి కాలేదు.

సహోద్యోగులు, శిష్యులు ఆ పనిని వదిలిపెట్టలేదు. 1986 జనవరి 6న ప్రధాని రాజీవ్ గాంధీ దానికి బప్పుగారి పేరు పెట్టి ప్రారంభించారు. ఆయన పెంచిన సంస్థ మరింత ముందుకు నడిచి, 2015లో ప్రయోగించిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహానికి అతినీలలోహిత టెలిస్కోపును సమకూర్చింది. ఎక్స్‌రే పరికరాలు కూడా అదే ఉపగ్రహంలో ఉన్నాయి.

మనం దస్త్రం అప్పగించి కుర్చీ దిగినప్పుడు, సగంలో ఉన్న పని ఏమవుతుందోనని దిగులు పడతాం. పద్ధతిగా మొదలుపెట్టి, మనుషులను తయారుచేసి వెళితే ఆ పని ఆగదని బప్పుగారి జీవితం చెబుతున్నది. మా మొగుళ్లపల్లిలో ఊరి దీపాలు దాటి చెరువు కట్ట ఎక్కితే ఇప్పటికీ చుక్కలు బాగానే కనిపిస్తాయి. సెలవులకు వచ్చిన మనుమలను, మనుమరాళ్లను ఒకసారి ఆరుబయట కూర్చోబెట్టి, హైదరాబాదులో పెరిగిన ఈ మనిషి కథ చెప్పవలసిందిగా సభ్యులందరికీ నా మనవి.