చప్పుడు చేయని బ్యాటు

1952 ఫిబ్రవరిలో బొంబాయి నగరమందు ప్రపంచ టేబిల్ టెన్నిస్ పోటీలు జరిగినవి. ఆసియా ఖండంలో ఆ పోటీలు జరగటం అదే ప్రథమం. జపాను వాటిలో పాల్గొనటమూ అదే ప్రథమం. యుద్ధంలో ఓడి, పరసైన్యాల ఆక్రమణనుండి అప్పటికింకా విముక్తి పొందని దేశమది. ఆ దేశపు జట్టులో కళ్లజోడు ధరించిన బక్కపలుచని యువకుడొకడు ఉన్నాడు. పేరు హిరోజి సాతో. పోటీలు ముగిసేనాటికి అతడు జగజ్జేత.

సాతో 1925లో, జపాను ఉత్తరప్రాంతమైన అవొమొరిలో జన్మించినాడు. చూపరులను భయపెట్టే దేహబలం అతనికి లేదు. స్వదేశంలో సైతం అతనికంటె మేటి ఆటగాళ్లు ఉన్నారని పేరు. అట్టివాడు బొంబాయికి తెచ్చిన బ్యాటు మాత్రం విలక్షణమైనది.

ఆ కాలంలో గొప్ప ఆటగాళ్లలో దాదాపు అందరి బ్యాటూ ఒక్క తీరుగానే ఉండేది. కొయ్యపలక, దానిపై బొడిపెలు గల పలుచని రబ్బరు. బంతి తగలగానే టక్కుమని మ్రోగేది. ఆ మ్రోతను బట్టియే, కొట్టిన దెబ్బ ఎంత బలమైనదో అవతలివాడు క్షణంలో గ్రహించి, తన అడుగు సవరించుకొనేవాడు. చూపుతోపాటు వినికిడి కూడ ఆటలో భాగమన్నమాట.

సాతో బ్యాటుకు దళసరి స్పాంజి అంటించి ఉంది. బంతి దానిలోకి క్రుంగి, విల్లునుండి వెడలిన బాణంవలె ఎగిరివచ్చేది. చప్పుడు మాత్రం లేదు! చెవిని నమ్ముకొన్నవారికి చేయి ఆడలేదు. స్పాంజిని మొదట వాడినవాడు సాతో కాడు. అంతకు పూర్వమే కొందరు ప్రయత్నించినారు. కాని దానిని తన ఆటకు పొందుపరచుకొనటంలోనే అతని తెలివి ఉన్నది. అతడు కలం పట్టినట్లు బ్యాటు పట్టేవాడు. ఎదుటివాని బలాన్నే తిరిగి ఎదుటివానిపైకి పంపే స్పాంజి, బలం చాలని చేతికి వరమైనది. బల్లకు దూరంగా జరిగి, బంతిని మెల్లగా కోసి పంపే రక్షణాటగాని చేతికి అదే బ్యాటు ఇచ్చినచో, బంతి అతని మాట వినేది కాదు.

అమెరికా యువవీరుడు మార్టీ రీస్మన్ 1949లో ఇంగ్లీషు ఓపెన్ గెలిచిన మేటి. అతడు బొంబాయిలో సాతో చేతిలో ఓడినాడు. తుదిపోటీలో హంగేరీవాడైన యోజెఫ్ కోట్సియాన్ ఓడినాడు. జరిగిన ఏడు విభాగాలలో నాలుగింటిని జపానే గెలుచుకొన్నది.

గెలిచినది సాతో కాదు, స్పాంజి అని నిందించినవారున్నారు. ఇందు సగమే నిజం. స్పాంజి కొత్తదనం అతనికి తోడ్పడినమాట వాస్తవమే. అందుకే ఆ మర్మం ఇతరులకు తెలిసిన తరువాత అతడు మరల ప్రపంచ సింగిల్సు బిరుదు గెలువలేకపోయినాడు. అయితే బ్యాటు తానుగా బంతిని కొట్టదు గదా! 1954లో లండనులో అతని దేశీయుడే ఇచిరో ఒగిమురా స్పాంజితోనే జగజ్జేత అయినాడు. ఒగిమురాది ముందుకు దూకి కొట్టే ఆట. స్పాంజి ఒకటే, ఆట వేరు.

ఈ వివాదం పెరిగి పెరిగి 1959లో అంతర్జాతీయ సమాఖ్య నియమం చేసినది. ఒట్టి స్పాంజి నిషిద్ధం. స్పాంజిపై రబ్బరు పొరను అంటించవచ్చును. రెండూ, జిగురూ కలిసి 4 మిల్లీమీటర్లు మించరాదు. స్పాంజి లేని బొడిపెల రబ్బరైతే 2 మిల్లీమీటర్లే. ఈనాడు విద్యార్థులు అంగడిలో చూచే బ్యాట్లన్నీ ఆ కొలతలకు లోబడినవే. సుడి త్రిప్పేవానికి నున్నని రబ్బరు, దూరంనుండి కాచుకొనేవానికి పొడుగు బొడిపెలు, ఇంకా నేర్చుకొంటున్నవానికి పలుచని స్పాంజి తగినవి. విజేత వాడినదే కావాలని పట్టుబట్టే పిల్లవానికి, అతడెట్లు ఆడుతాడో ముందు చూచి, పిమ్మట బ్యాటు కొనిపెట్టటం ఉపాధ్యాయుని పని.

రీస్మన్ మాత్రం పాత బొడిపెల బ్యాటుపై మమకారం విడువలేదు. 1997లో, 67వ ఏట, స్పాంజి లేని బ్యాట్లకే ప్రత్యేకించిన అమెరికా జాతీయ పోటీలో ప్రథముడైనాడు. అతనిని ఓడించిన సాతో 2000లో కన్నుమూసినాడు.