ఫిలిప్సు ఇంటిపేరు

ఖరగ్‌పూరు రైల్వే కాలనీలలో తరతరములుగా స్థిరపడిన తెలుగువారు స్వస్థలములకు బయలుదేరునప్పుడు, వారి రైలు జలేశ్వరమును, బాలాసోరును దాటి దక్షిణమునకు సాగును. ఆ ప్రాంతమున రైలు కూత వినబడక మునుపే, ఫిలిప్సు అను ఇంటిపేరుగల తండ్రియు కుమారుడును అక్కడ ప్రభువు సేవలో తమ జీవితములను వెచ్చించిరి.

జెరెమయా ఫిలిప్సు 1812లో అమెరికా దేశమున జన్మించెను. ఫ్రీ విల్ బాప్టిస్టు సంఘము పంపిన తొలి మిషనరీలుగా ఆయనయు ఈలై నోయెస్ గారును 1836లో భారతదేశము చేరిరి. 1840లో ఆయన జలేశ్వరమున నివాసమేర్పరచుకొని, చుట్టుపట్ల అడవిపల్లెలలోని సంతాలుల మధ్యకు వెళ్లెను. వారికి కమ్మని భాష కలదు, పాటలు కలవు. లిపి మాత్రము లేదు. వినని మాటను వ్రాయుట ఎట్లు? వ్రాయని భాషలో సువార్తను చదివించుట ఎట్లు? ఆయన ఓపికతో ఆ భాషను నేర్చుకొని, 1845లో బెంగాలీ అక్షరములతో సంతాలీ వాచకమును, 1852లో వ్యాకరణముతోను పదపట్టికతోను కూడిన గ్రంథమును వెలువరించెను. బాలబాలికలకు పాఠశాలలు నెలకొల్పెను. 1879లో స్వదేశమున ప్రభువునందు నిద్రించెను.

ఆయన కుమారుడు జేమ్స్ ఫిలిప్సు 1840లో బాలాసోరులోనే పుట్టెను. అమెరికాలో విద్యయు వైద్యమును అభ్యసించి, సుఖజీవనమునకు అవకాశమున్నను, పుట్టిన నేలకే తిరిగివచ్చెను. ఖరగ్‌పూరునకు ఉత్తరముగా కంసావతీ నదికి ఆవలనున్న మిద్నపూరులో వైద్యసేవ చేయుచు, బైబిలు పాఠశాలను నడిపెను. కడపటి సంవత్సరములలో భారతదేశ సండేస్కూలు యూనియను కార్యదర్శిగా దేశమంతట సంచరించి, 1895లో తన పరుగు ముగించెను.

కాలక్రమమున జెరెమయా ఎన్నుకొన్న అక్షరములు వెనుకబడెను. తరువాతి మిషనరీలు రోమను లిపిని వాడిరి. 1925లో సంతాలు జాతీయుడే అయిన రఘునాథ్ ముర్ము ఆ భాషకు ఓల్ చికి అను స్వంత లిపిని సమకూర్చెను. 2003లో చేయబడిన రాజ్యాంగ సవరణవలన సంతాలీ ఎనిమిదవ షెడ్యూలులో చేరెను.

అట్లయిన ఆ తండ్రి ప్రయాస వ్యర్థమాయెనా? కాదు. లోకము లెక్కచేయని ప్రజల నోటిమాట కాగితముపై నిలువదగినదని ఆయన నమ్మెను. నమ్మినదానిని చేసి చూపెను. ఆ జనులు తమ భాషను తమ స్వంత అక్షరములతోనే వ్రాసుకొను దినము వచ్చుట ఆయనకు ఓటమి కాదు. పరంజా తీసివేసినను గోడ నిలుచును.

ప్రియ చదువరీ, పరాయి రాష్ట్రమున మన బిడ్డలకు తెలుగు అక్షరములు దిద్దించుటయు, తల్లిభాషలో ప్రార్థన నేర్పుటయు చిన్నపనులుగా తోచవచ్చును. మన పేరు నిలిచినను నిలువకున్నను, ప్రేమతో చేసిన పనిని ప్రభువు మరువడు.