మాదీఫలాల లెక్క చెప్పిన మహావీరాచార్యుడు

రెండు సమీకరణాలు, రెండు అజ్ఞాతరాశులు! పదో తరగతిలో ఈ లెక్కల్ని బట్టీపట్టి గట్టెక్కినవాణ్ణి నేను. ఇవి మా నాన్న గంపల్లో కూడా ఉన్నాయని బి.యస్సీ.లో చేరి, మహావీరాచార్యుని గురించి చదివాకగాని తెలియలేదు.

ఆయన 9వ శతాబ్దపు జైన పండితుడు. రాష్ట్రకూట రాజు అమోఘవర్ష నృపతుంగుని కాలంవాడు. 850 ప్రాంతంలో సంస్కృత శ్లోకాల్లో ‘గణితసార సంగ్రహం’ రాసి, అందులో ఆ రాజును కీర్తించాడు. అంతకుముందు ఆర్యభటుడు, బ్రహ్మగుప్తుడు గణితాన్ని ఖగోళ గ్రంథాల్లో అధ్యాయాలుగా చెప్పారు. ఈయన మాత్రం గ్రహాల జోలికి పోకుండా గ్రంథం మొత్తాన్నీ గణితానికే కేటాయించాడు. వ్యాపారం, వంట, వైద్యం, వాస్తు, అన్నిట్లోనూ గణితం ఉందన్నది ఆయన నమ్మకం.

ఆయన లెక్క ఒకటి చూడండి. 9 మాదీఫలాలు, 7 వెలగపండ్లు కలిపి వెల 107. 7 మాదీఫలాలు, 9 వెలగపండ్లు అయితే 101. ఒక్కొక్క పండు వెల ఎంత? ఉపాయమూ ఆయనే చెప్పాడు. పెద్ద వెలను పెద్ద సంఖ్యతో, చిన్న వెలను చిన్న సంఖ్యతో హెచ్చవేయాలి: 963, 707. తేడా 256. దాన్ని 9, 7ల వర్గాల తేడా అయిన 32తో భాగిస్తే 8. అదే మాదీఫలం వెల. వెలగపండు 5.

ఋణసంఖ్యకు వర్గమూలం ఉండదని గుర్తించిన ఆ మేధావే, సున్నతో భాగిస్తే సంఖ్య మారదని పొరబడ్డాడు కూడా. అయినా ఆయన గ్రంథం నిలిచింది. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. 1912లో రంగాచార్యగారి ఆంగ్లానువాదంతో మద్రాసులో అచ్చయింది.

ఇక మా ఇంటి సంగతి. మొన్న సెలవుల్లో ఇంటికి వెళితే, నాన్న వంగతోట పీకేసి అంతా టమాటా వేద్దామంటున్నాడు. మార్కెట్లో షావుకారు విడిగా ధర చెప్పడు, మొత్తం డబ్బు చేతిలో పెడతాడు. ఒకరోజు 3 గంపల వంకాయలు, 2 గంపల టమాటాలకు 1800 ఇచ్చాడు. మర్నాడు 2 గంపల వంకాయలు, 3 గంపల టమాటాలకు 1700. ధర మారలేదన్నాడట. నేను ఆచార్యులవారి సూత్రం వేశాను. 5400లోంచి 3400 పోతే 2000. దాన్ని 5తో భాగిస్తే 400. వంకాయ గంప 400, టమాటా గంప 300!

నాన్న కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, “ఒరే, ఈ లెక్క కాలేజీలో చెప్పారా?” అన్నాడు. వెయ్యేళ్ళ కిందటే చెప్పారు నాన్నా అన్నాను.

వంగతోట ఇంకా కాస్తోంది.