కలప లెక్కల దొర, వాగుల్లో కప్పలు

మాది నగరి. మా వైపు వాళ్లకి కోనలంటే కొత్తేం కాదు. కైలాసకోన, సదాశివకోన... సెలవొస్తే బైకులేసుకుని పోతాం, నీళ్ల కింద తడుస్తాం, ఫోటోలు దిగి వచ్చేస్తాం. పక్కనే రాతి మీద కూర్చున్న చిన్న కప్పని ఎవరం పట్టించుకోం. నూటయాభై ఏళ్ల కిందట మన కొండల్లో అలాంటి వాటినే వెతుక్కుంటూ తిరిగిన ఒకాయన ఉన్నాడు. కల్నల్ రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్.

1830లో లండన్ దగ్గర క్లాఫమ్‌లో పుట్టాడు. నాన్న లాయరు, కొడుకునీ అదే దారిలో పెట్టారు. ఆయన మాత్రం 18 ఏళ్లకే ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మద్రాసు వైపు వచ్చేశాడు. ఇంట్లో ఒకటి అనుకుంటే మనం ఇంకో బ్రాంచిలో చేరడం ఇప్పటి కథేం కాదన్నమాట! కొన్నేళ్లకి మద్రాసు అటవీ శాఖను మొదలుపెట్టిన డాక్టర్ క్లెగ్‌హార్న్ ఆయన్ని అసిస్టెంటుగా తీసుకున్నాడు. 1860 నుంచి 1882 దాకా ఆ శాఖకి బెడ్డోమే పెద్ద.

ఉద్యోగం ఏంటంటే, కలప లెక్కలు. మన ఏకాంబరకుప్పం, పుత్తూరు మీదుగా రేణిగుంట వెళ్లే రైలు మార్గం పడింది ఆ కాలంలోనే. పట్టాల కింద స్లీపర్లకి కలప కావాలి, ఇంజన్లలో కాల్చడానికి కట్టెలు కావాలి. ఏ అడవిలో ఏ చెట్టుందో తెలియాలి. దక్షిణ భారతదేశపు చెట్ల మీద, ఫెర్న్ మొక్కల మీద ఆయన బొమ్మలతో పెద్ద పెద్ద పుస్తకాలు వేశాడు.

నాకు నచ్చింది మాత్రం జీతానికి సంబంధం లేని పని. చెట్లు కొలవడానికి పోయినవాడు రాళ్లు ఎత్తి చూశాడు, పడిపోయిన మానుల కింద చూశాడు, వాగుల అంచులు వెతికాడు. పాములు, బల్లులు, కప్పలు, దొరికినదల్లా ఎక్కడ దొరికిందో రాసి పెట్టాడు. 1870లో తిరుపతి కొండల బంగారు బల్లిని లోకానికి చెప్పింది ఆయనే. వాగుల పక్క రాతి సందుల్లో ఉంటుంది, మగది పసుపు పచ్చగా మెరుస్తుంది. తిరుమల కొండల్లో ఉండే ఒక సైకస్ మొక్కకి 1883లో ఆయన పేరే పెట్టారు.

ఇక కప్పలు. 1878లో ఆనైమలై అడవుల నుంచి ఒక నల్ల కప్పని వర్ణించాడు. ఒళ్లంతా నలుపు, మీద లేత నీలి చుక్కలు, తొడల దగ్గర ఎరుపు. తర్వాత దశాబ్దాల పాటు అది దాదాపు ఎవరి కంటా పడలేదు. 1990ల్లో మళ్లీ కనిపించినప్పుడు, ఇది అదేనని చెప్పగలిగారంటే ఆయన రాసిపెట్టిన వివరాల వల్లే. పడమటి కనుమల్లో తడి నేలల్లో ఉండే ఇంకో కప్ప రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. 1882లో బౌలెంజర్ దానికి బెడ్డోమ్ పేరు పెట్టాడు. అటవీ శాఖ పెద్దాఫీసరు పేరు గోరంత కప్పకి!

ఆయన్ని దేవుణ్ణి చేయక్కర్లేదు. ఆయన పనిచేసిన శాఖే అడవుల చుట్టూ గీతలు గీసింది. 1882లో వచ్చిన మద్రాసు అటవీ చట్టంతో ఆ గీతలు ఇంకా గట్టిపడ్డాయి. మన వైపు యానాదులకి ఈ వాగులు ఆయన రాకముందే తెలుసు. పుస్తకంలోకి ఎక్కింది మాత్రం దొర పేరు. అయినా రాసిపెట్టడం అనేది లేకపోతే ఏమయ్యేదో కూడా ఆలోచించాలి. కప్ప చర్మంతో కూడా ఊపిరి పీల్చుకుంటుంది, అందుకే నీళ్లు చెడితే దెబ్బ దానికి ముందుగా తగులుతుంది. ఫలానా వాగులో ఫలానా కప్ప ఉండేదని ఎక్కడా రాసి లేకపోతే, అది పోయిన సంగతి కూడా ఎవరికీ తెలియదు.

బెడ్డోమ్ 1911 ఫిబ్రవరిలో ఇంగ్లండులో పోయాడు. అదే ఏడు ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా ఏర్పడింది. ఆయన తిరిగినప్పుడు మనది ఉత్తర ఆర్కాటు. జిల్లాల పేర్లు మారాయి, మొన్నీమధ్య మళ్లీ మారాయి. ఆయన రాసిన వివరాలు మాత్రం ఇప్పటికీ పనికొస్తున్నాయి.

ఫోన్లో ఒక్క ఫోటో తీస్తే తేదీ, టైము వాటంతటవే పడతాయి, లొకేషన్ ఆన్ చేస్తే చోటు కూడా. ఆయనకి ఇవేవీ లేవు. కప్పని పట్టుకోకండి, చేతికున్న సబ్బు, క్రీము దాని ఒంటికి మంచివి కావు. దూరం నుంచి ఒక ఫోటో, ఒక లైను చాలు.