జాన్ గారండ్

జాన్ కాంటియస్ గారండ్ (జనవరి 1, 1888 - ఫిబ్రవరి 16, 1974) కెనడాలో జన్మించి అమెరికాలో స్థిరపడిన యంత్ర నిపుణుడు, ఆయుధ రూపకర్త. రెండవ ప్రపంచ యుద్ధంలోను, కొరియా యుద్ధంలోను అమెరికా పదాతి సైనికుల ప్రధాన ఆయుధమైన ఎం1 రైఫిలును రూపొందించినది ఇతడే. ఈ రైఫిలును అతని పేరుతోనే ఎం1 గారండ్ అని వ్యవహరిస్తారు. ఒక పెద్ద సైన్యం తన సాధారణ సైనికులందరికీ సెమీ ఆటోమేటిక్ రైఫిలును ప్రామాణిక ఆయుధంగా ఇవ్వడం దీనితోనే మొదలైంది. సుమారు 17 సంవత్సరాలు సాగిన ఈ కృషి ఫలితాన్ని నిర్ణయించినవి తుపాకి గుణగణాలు మాత్రమే కావు. అది ఏ తూటాను కాల్చాలి, ఆ తూటాలకయ్యే ఖర్చును దేశం భరించగలదా అన్న ప్రశ్నలు కూడా అంతే ముఖ్యమైనవయ్యాయి.

బాల్యం, తొలి ఉద్యోగాలు

గారండ్ కెనడా దేశంలోని క్యూబెక్ రాష్ట్రంలో సెయింట్ రెమి అనే ఊరి సమీపాన ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. తల్లిదండ్రులకు 12 మంది సంతానం. అతని మాతృభాష ఫ్రెంచి. బాల్యంలోనే తల్లి మరణించింది. 1899 ప్రాంతంలో తండ్రి పిల్లలను వెంటబెట్టుకొని అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రానికి చెందిన జ్యువెట్ సిటీకి వలస వెళ్ళాడు.

పన్నెండేళ్ళ వయసుకే గారండ్ పాఠశాల చదువు ముగిసింది. అక్కడి బట్టల మిల్లులో నేల ఊడ్చే పనికి చేరాడు. ఆ పని చేస్తూనే ఇంగ్లీషు నేర్చుకున్నాడు. తీరిక దొరికినప్పుడల్లా మిల్లులోని మెకానిక్కులు చేసే పనిని గమనిస్తూ ఉండేవాడు. కొంతకాలానికి అదే మిల్లులో యంత్రపు పనివాడయ్యాడు. గురి చూసి కాల్చే ఆటస్థలంలో పనిచేయడం వలన అతనికి తుపాకులపై ఆసక్తి, కాల్పులలో నేర్పు అలవడ్డాయి.

1909లో రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్ నగరంలో ఉన్న బ్రౌన్ అండ్ షార్ప్ సంస్థలో చేరాడు. యంత్ర పరికరాలకు, సూక్ష్మమైన కొలత సాధనాలకు ఆ సంస్థ పేరుపొందింది. లోహాన్ని ఏ యంత్రంతో ఎలా కోయాలి, కొలతలో ఎంత తేడాను అనుమతించవచ్చు అన్న విషయాలలో అతను సంపాదించిన అనుభవం తరువాతి జీవితంలో ఎంతో ఉపయోగపడింది. గారండ్ విశ్వవిద్యాలయంలో చదివిన ఇంజనీరు కాడు. అతని విద్య అంతా కర్మాగారాలలోనే సాగింది.

స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలో

1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రవేశించినపుడు గారండ్ తేలికపాటి మెషిన్‌గన్ నమూనా ఒకటి తయారుచేసి ప్రభుత్వానికి సమర్పించాడు. ఆ నమూనాను మెరుగుపరచడం కోసం అతనికి అమెరికా ప్రమాణాల బ్యూరోలో ఉద్యోగం ఇచ్చారు. అది పూర్తయ్యేలోగానే యుద్ధం ముగిసింది. అయినా అతని నేర్పును గుర్తించిన అధికారులు 1919లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ ప్రభుత్వ ఆయుధాగారానికి అతనిని పంపారు. 1920లో అతనికి అమెరికా పౌరసత్వం లభించింది. 1953లో పదవీ విరమణ చేసేవరకు అతను అక్కడే పనిచేశాడు.

అప్పట్లో అమెరికా సైన్యం వాడుతున్నది 1903 నమూనా స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిలు. అందులో ఐదు తూటాలు పట్టేవి. ప్రతిసారి కాల్చిన తరువాత సైనికుడు బోల్టును చేతితో వెనుకకు లాగి, ఖాళీ తూటాను బయటకు తీసి, తిరిగి ముందుకు నెట్టవలసి వచ్చేది. భారతదేశంలో పోలీసుల చేతులలో చాలాకాలం కనిపించిన 303 రైఫిలు కూడా ఈ తరహాదే. సెమీ ఆటోమేటిక్ రైఫిలులో ఈ పనిని తుపాకియే చేసుకుంటుంది. ట్రిగ్గరును ఒకసారి నొక్కితే ఒక తూటా మాత్రమే పేలుతుంది కాని, తరువాతి తూటా దానంతట అదే సిద్ధమవుతుంది. ట్రిగ్గరును నొక్కిపట్టినంతసేపు వరుసగా కాల్చే మెషిన్‌గన్‌కు, దీనికి ఇదే తేడా. సైనికుడు మోయగలిగినంత తేలికగా, బురదలోను దుమ్ములోను పనిచేసేంత దృఢంగా, లక్షల సంఖ్యలో తయారుచేయగలిగినంత చౌకగా అటువంటి రైఫిలును రూపొందించడం గారండ్‌కు అప్పగించిన పని.

తొలి నమూనాలు

గారండ్ తొలి నమూనాలు ప్రైమరు కదలికపై ఆధారపడి పనిచేసేవి. తూటా అడుగున ఉండి మందును రగిలించే చిన్న లోహపు గిన్నెను ప్రైమరు అంటారు. పేలినపుడు అది కొద్దిగా వెనుకకు జరుగుతుంది. ఆ స్వల్ప కదలికతోనే తుపాకి యంత్రాంగాన్ని నడిపించవచ్చునని అతను నిరూపించాడు. కాని 1920ల మధ్యలో సైన్యం తన తూటాలో కొత్తరకం మందును ప్రవేశపెట్టి, ప్రైమరును కదలకుండా బిగించసాగింది. దానితో ఆ పద్ధతి పనికిరాకుండా పోయింది. తూటాలో వచ్చిన మార్పు కారణంగా కొన్నేళ్ళ పని వృథా కావడం గారండ్‌కు అదే మొదటిసారి.

తరువాత అతను వాయు పీడన పద్ధతికి మారాడు. తూటా పేలినపుడు గొట్టంలో పుట్టే వేడి వాయువులో కొంత భాగం గొట్టం చివర ఒక కడ్డీని వెనుకకు నెడుతుంది. ఆ కడ్డీ బోల్టును తిప్పి తాళం విడిపించి వెనుకకు లాగుతుంది. అప్పుడు ఖాళీ తూటా బయట పడుతుంది, సుత్తి ఎక్కుపెట్టబడుతుంది. స్ప్రింగు బలంతో బోల్టు తిరిగి ముందుకు వస్తూ కొత్త తూటాను లోపలికి తీసుకొనిపోతుంది.

తూటా ఎంపికపై వివాదం

అదే ఆయుధాగారంలో గారండ్‌కు పోటీగా జాన్ పెడర్సన్ కూడా పనిచేసేవాడు. అప్పటికే పేరుపొందిన రూపకర్త అయిన పెడర్సన్, అమెరికా సైన్యపు 0.30 అంగుళాల తూటా తేలికపాటి సెమీ ఆటోమేటిక్ రైఫిలుకు మితిమీరిన శక్తి గలదని భావించాడు. 0.276 అంగుళాల కొత్త తూటాను, దానికి తగిన రైఫిలును రూపొందించాడు. చిన్న తూటా వలన తుపాకి బరువు తగ్గుతుంది, భుజానికి తగిలే దెబ్బ తగ్గుతుంది, సైనికుడు ఎక్కువ తూటాలు మోయగలుగుతాడు. 1928లో మత్తుమందు ఇచ్చిన పందులపై జరిపిన పరీక్షలలో కూడా చిన్న తూటాలు యుద్ధ అవసరాలకు సరిపోతాయని తేలింది.

ఈ ఫలితాల దృష్ట్యా గారండ్ కూడా తన రైఫిలును 0.276 తూటాకు అనువుగా మార్చవలసి వచ్చింది. పోటీలో అతని నమూనాయే నిలిచింది. పెడర్సన్ రైఫిలులో తూటాలు ఇరుక్కోకుండా ఉండాలంటే వాటికి మైనపు పూత పూయవలసి వచ్చేది. గారండ్ రైఫిలుకు ఆ అవసరం లేదు. దాని భాగాలు సరళమైనవి, తయారీ సులభం. 1932 ఆరంభంలో పరిశీలక మండలి 0.276 తూటాను కాల్చే, పది తూటాలు పట్టే గారండ్ రైఫిలును సిఫారసు చేసింది.

కాని 1932 ఫిబ్రవరిలో సైన్యాధిపతి జనరల్ డగ్లస్ మెకార్థర్ తూటా మార్పును తిరస్కరించాడు. అప్పుడు అమెరికా ఆర్థిక మాంద్యంలో ఉంది, సైనిక వ్యయంపై తీవ్రమైన కోతలు పడుతున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధ కాలం నుండి 0.30 తూటాల నిల్వలు పెద్దయెత్తున ఉన్నాయి. మెషిన్‌గన్లు కూడా ఆ తూటానే కాలుస్తాయి. రైఫిలుకు ఒక తూటా, మెషిన్‌గన్‌కు మరొక తూటా అయితే యుద్ధరంగంలో సరఫరా చిక్కుల్లో పడుతుంది. సాంకేతికంగా చిన్న తూటాకు అనుకూలంగా ఎన్నో కారణాలు ఉన్నా, ఖర్చు, సరఫరా అనే రెండు కారణాలే నెగ్గాయి. ఈ నిర్ణయంతో పెడర్సన్ తూటా, రైఫిలు రెండూ పోటీ నుండి తొలగిపోయాయి.

గారండ్ పరిస్థితి వేరు. అతను 0.30 తూటాను కాల్చే నమూనాను పూర్తిగా వదిలిపెట్టలేదు. 1931లో దాని బోల్టు పగిలినా, లోపాన్ని సవరించి కొత్త బోల్టుతో మరొక నమూనాను తయారుచేశాడు. పెద్ద తూటా కావడం వలన పదికి బదులు ఎనిమిది తూటాలే పట్టాయి. 1933లో దీనికి ఎం1 అనే పేరు పెట్టారు. సైనిక దళాలలో పరీక్షలు జరిగిన తరువాత 1936 జనవరి 9న అమెరికా సైన్యం దీనిని ప్రామాణిక రైఫిలుగా స్వీకరించింది.

తయారీ, లోపాల సవరణ

గారండ్ రైఫిలును రూపొందించడంతో ఆగలేదు. దాని భాగాలను పెద్దసంఖ్యలో కోయడానికి కావలసిన యంత్ర పరికరాలు, బిగింపు సాధనాల రూపకల్పనలో కూడా పాలుపంచుకున్నాడు. 1937లో మొదటి రైఫిళ్ళు సైన్యానికి చేరాయి.

మొదట్లో లోపాలు లేకపోలేదు. గొట్టం కొసన వాయువును పట్టే ఏర్పాటులో మసి పేరుకొనేది. ముందరి గురిబిందువు వదులయ్యేది. అందువలన 1940 నాటికి ఆ ఏర్పాటును తొలగించి, గొట్టానికే చిన్న రంధ్రం వేసి వాయువును తీసుకొనే పద్ధతిని ప్రవేశపెట్టారు. ఏడవ తూటా వద్ద రైఫిలు ఆగిపోయే మరొక లోపాన్ని కూడా సరిచేశారు. ఇదే సమయంలో మెల్విన్ జాన్సన్ రూపొందించిన మరొక రైఫిలుకు పత్రికలలోను, చట్టసభలోను మద్దతు లభించి, ఎం1పై విమర్శలు చెలరేగాయి. పోటీ పరీక్షల తరువాత 1941లో మెరైన్ దళం కూడా ఎం1నే స్వీకరించింది.

యుద్ధకాలం

ఫిలిప్పీన్స్‌లో జపాను సేనలతో జరిగిన పోరాటంలో ఈ రైఫిలు మొదటిసారి తీవ్రమైన పరీక్షకు గురయింది. అక్కడి అమెరికా సేనాపతి మెకార్థరే. తన నిర్ణయంతో తూటా మారిన ఆ రైఫిలు బాగా పనిచేస్తున్నదని అతనే ప్రభుత్వానికి నివేదించాడు. 1942లో గ్వాడల్‌కెనాల్ దీవిలో మెరైన్ సైనికులు మొదట పాత 1903 రైఫిళ్ళతోనే పోరాడారు. తరువాత అక్కడికి వచ్చిన సైనిక దళాల వద్ద ఎం1 రైఫిళ్ళు ఉన్నాయి. జర్మనీ, సోవియట్ యూనియన్లు కూడా సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళను తయారుచేసినా, వారి సైనికులలో అత్యధికులు యుద్ధాంతం వరకు బోల్టు రైఫిళ్ళనే వాడారు. జనరల్ జార్జ్ పాటన్ ఎం1ను యుద్ధసాధనాలలో అత్యుత్తమమైనదిగా కొనియాడాడు.

యుద్ధకాలంలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం, వించెస్టర్ సంస్థ కలిసి సుమారు 40 లక్షల రైఫిళ్ళను తయారుచేశాయి. కొరియా యుద్ధకాలంలోను, ఆ తరువాతను తయారైనవి కలుపుకొంటే అమెరికాలో ఉత్పత్తి 50 లక్షలు దాటింది. 1957లో ఎం14 రైఫిలు దీని స్థానంలో ఎంపికయింది. అందులోని బోల్టు, వాయు యంత్రాంగాలలో గారండ్ రూపకల్పన ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది.

ప్రతిఫలం, పురస్కారాలు

గారండ్ ప్రభుత్వ ఉద్యోగి. తన రైఫిలుపై గల పేటెంటు హక్కులను ప్రభుత్వానికి ఇచ్చివేశాడు. లక్షలాది రైఫిళ్ళు తయారైనా, వాటిపై అతనికి రాయల్టీ రూపంలో ఏమీ రాలేదు. జీతమే అతని ప్రతిఫలం. అతనికి లక్ష డాలర్లు ఇవ్వాలని అమెరికా కాంగ్రెసులో ఒక బిల్లు ప్రతిపాదించారు కాని అది ఆమోదం పొందలేదు. 1944లో ప్రభుత్వం అతనికి మెడల్ ఫర్ మెరిట్ పతకాన్ని ప్రదానం చేసింది.

వ్యక్తిగత జీవితం

గారండ్ 1930లో వివాహం చేసుకున్నాడు. అతనికి ఇద్దరు సంతానం. మితభాషి అని, నిరాడంబరుడని పేరు. మంచుపై స్కేటింగ్ చేయడం అతనికి ఇష్టమైన వ్యాపకం. పదవీ విరమణ తరువాత కూడా స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే నివసించి, 1974 ఫిబ్రవరి 16న తన 86వ యేట అక్కడే మరణించాడు. అతని ఇంటిపేరును మొదటి అక్షరంపై ఊనికతో గారండ్ అని పలకాలి. గరాండ్ అన్న ఉచ్చారణ కూడా అమెరికాలో విస్తృతంగా వాడుకలో ఉంది.

తరువాతి కాలం

సైన్యం నుండి తొలగించిన ఎం1 రైఫిళ్ళను లక్ష్య సాధన క్రీడాకారులకు, సేకరణకర్తలకు విక్రయించే ప్రత్యేక కార్యక్రమం ఒకటి అమెరికాలో ఏర్పడింది. వీటి విషయంలోను తూటా ఎంపిక ముఖ్యమే. రైఫిలులోని కడ్డీని సైన్యం వాడిన 9.7 గ్రాముల గుండు గల తూటాల పీడనానికి తగినట్లు తయారుచేశారు. నెమ్మదిగా మండే మందు, బరువైన గుండు గల కొన్ని వేట తూటాలు అదే కొలతవే అయినా, గొట్టం చివర అధిక పీడనం కలిగించి ఆ కడ్డీని వంచివేయగలవు. అందువలన గారండ్ కొరకు ప్రత్యేకించి తయారైన తూటాలనే వాడాలని, లేదా వాయువును నియంత్రించే మరను అమర్చుకోవాలని నిపుణులు సూచిస్తారు.

గారండ్ పనిచేసిన స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం 1968లో మూతపడింది. తరువాత దానిని జాతీయ చారిత్రక స్థలంగా తీర్చిదిద్ది, మ్యూజియంను నెలకొల్పారు. గారండ్ రూపొందించిన రైఫిళ్ళను ఆ మ్యూజియంలో ప్రదర్శించారు.